కొత్తపేట సందు మొగలో మూడు హారన్లు

నాందేడ్,
9 నవంబరు 2024

అక్కకి,

మాణిక్యం రాసేది. నాందేడ్ చేరాను. ఒళ్ళు హూనమైంది కానీ ప్రాణం కులాసాగానే ఉంది. ఫోనంటే నీకు గిట్టదు కనుక మూడేళ్ళుగా మన మధ్య ఉత్తరాలే కదా. అందుకని ఇక్కడి కొబ్బరికాయల కొట్టులో గుమస్తాని నాలుగు కాగితాలడిగి, కాయల బస్తా మీద కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే తప్పు నాది కాదు, బస్తాది.

ముందు నిష్ఠూరం కానిచ్చేస్తాను. అది కడుపులో పెట్టుకుని ప్రయాణం కబుర్లు రాయలేను. బుధవారం పొద్దున్న ఆరు గంటలకి, అంబాజీపేటలో కాయలు ఎత్తుకున్న లారీ మీ కొత్తపేట సందు మొగలో ఆగింది. దసరాకి మీ ఇంటికొచ్చినప్పుడు నీకు వివరంగా చెప్పాను. మెయిన్ రోడ్డు మీద లోడు బండిని ఎక్కువసేపు ఆపనివ్వరు, అంత ఎత్తునుంచి దిగి మళ్ళీ ఎక్కడం నా మోకాళ్ళ వల్ల కాదు, అందుకని పంటు పద్ధతే పెట్టుకుందాం, మూడు హారన్లు కొడతాం, సంచీ పట్టుకుని వచ్చేయమని చెప్పాను. నువ్వు ఆయ్ అన్నావు. చెప్పినట్టే మూడు హారన్లూ కొట్టించాను. పది నిమిషాలు చూశాం. నువ్వు రాలేదు.

సఖినేటిపల్లి రేవునుంచి నరసాపురం రేవుకి ముప్పై నాలుగేళ్ళు జనాన్ని గోదారి దాటించే పంటు నడిపిన సరంగుని. మూడో హారన్ అయ్యాక తాడు విప్పేయడమే నాకు తెలుసు. ఏ రోజూ ఒడ్డెక్కి ఎవరినీ చెయ్యి పట్టుకుని తీసుకురాలేదు. అందుకే దొరబాబుని బండి పోనిమ్మన్నాను. రావాలని లేకపోతే ఆ మాట దసరానాడే చెప్పవచ్చు కదా. ఎనిమిదో తరగతి పుస్తకంలో గోదావరి త్రయంబకంలో పుట్టిందని చదివి, పెద్దయ్యాక ఇద్దరం వెళ్ళి చూద్దామురా అని నాచేత ఒట్టు వేయించుకున్నది నువ్వే. నేను రిటైరయ్యేదాకా ఆగుదామన్నదీ నువ్వే. సరే, రాకపోవడమే మంచిదైందిలే. నీ వయసువాళ్ళు ఈ కేబిన్లో కూర్చోలేరు.

ఇక ప్రయాణం. లారీ డ్రైవరు దొరబాబు అంబాజీపేట మనిషే. సిద్ధాంతం వంతెన ఎక్కుతూ, "మీ పంటుకి ఈ గోదారి దాటాలంటే ఎంతసేపు పడద్దండీ సరంగుగారూ?" అన్నాడు. గాలిని బట్టి ఉంటుంది, పోటుని బట్టి ఉంటుంది, వరద రోజుల్లో అయితే అని నేను చెప్పుకొస్తుంటే వంతెన అయిపోయింది. నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది. జీవితమంతా చేసిన పనిని ఒక మాట పూర్తయ్యేలోపు చేసేశాడు.

హైదరాబాదు ఊళ్ళోకి వెళ్ళకుండా పక్కనుంచి తిప్పాడు. నిజామాబాదు దాటాక బాసర దగ్గర స్నానానికి ఆపాడు. మా రేవులో ఎండాకాలం వస్తే నీళ్ళు ఉప్పుతేలతాయి కదా, అదే గోదావరి ఇక్కడ నోట్లో పోసుకుంటే తియ్యగా ఉంది. నీకోసం సీసాలో పట్టబోయి, ఎందుకులే అని మానేశాను. దారిలో హోటళ్ళలో జొన్నరొట్టెలే. పెరుగన్నం అడిగితే పెరుగూ అన్నమూ చెరో పళ్ళెంలో పెట్టి, కలుపుకుంటుంటే వింతగా చూశారు.

ఈ లోడు దింపి దొరబాబు ఇంకో లోడుకి వెనక్కి వెళ్ళాడు. అతను తిరిగొచ్చి నాసిక్ తీసుకెళ్ళేదాకా ఈ కొట్లోనే ఉంటాను. కింద అడ్రసు రాశాను. రాయాలనిపిస్తే రాయి.

నీ తమ్ముడు,
మాణిక్యాలరావు


కొత్తపేట,
15 నవంబరు

చిరంజీవి మాణిక్యాలరావుకి అక్క చిన్నమ్మలు ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం నిన్న అందింది. నేను రాలేదని రాశావు. నిజమే, రాలేదు. కార్తీకమాసం, సోమవారాల ఉపవాసాలు. కోడలు ప్రసన్న ఆ వారమంతా టీచర్ల ట్రైనింగని కాకినాడలో ఉంది. అబ్బాయి రాజేంద్ర చూస్తే కువైట్లో. ఇల్లు ఎవరిమీద వదిలి రమ్మంటావు? మోకాళ్ళు నీ ఒక్కడికే ఉన్నట్టు రాశావు, నాకూ రెండున్నాయి. ఎనిమిదో తరగతి పిల్ల వేయించుకున్న ఒట్టుని ఈ వయసులో పట్టుకుని వేలాడనవసరం లేదు. వయసు మాట ఎత్తావు కనుక చెబుతున్నాను, నేను నీకంటే అయిదేళ్ళే పెద్ద. నీకు గోచీ పెట్టడం నేర్పింది నేనే, అంతకుమించిన తేడా లేదు.

నువ్వు హాయిగా అన్నీ చూసి రా. నీళ్ళు సీసాలో పట్టకపోవడం మంచి పని. ఇక్కడ గోదావరికేం కరువొచ్చింది?

ఇంటి సంగతులు. కొబ్బరి దింపు తీయడానికి మనిషి దొరకక పెరట్లో కాయలు వాటంతట అవే రాలుతున్నాయి. ప్రసన్న ట్రైనింగునుంచి వచ్చేసింది. ఈ పిల్లకి కొత్త అలవాటొకటి పట్టుకుంది. ఏం చెప్పాలన్నా వంటింట్లోకి వచ్చి సరిగ్గా నా ఎదురుగా నిలబడుతుంది. ఏదైనా పని అందుకుంటుందేమో అనుకుంటే అదేం లేదు, చెప్పేసి వెళ్ళిపోతుంది. దారిలోకని ఇడ్లీపిండితో చేసిన పొట్టిక్కలు పాడైపోతాయని ఆ మధ్యాహ్నమే సందు మొగలో టిఫిన్ బండి లిడియాకి ఇచ్చేశాను. పనసాకు బుట్టలు కుట్టడం తన చేత కాదని చాలా సంతోషించింది. కజ్జికాయలు మాత్రం డబ్బాలో అలాగే ఉన్నాయి.

చలిగా ఉంటుందంటున్నారు, మఫ్లరు కట్టుకో.

ఇట్లు,
చిన్నమ్మలు


నాందేడ్,
21 నవంబరు

అక్కకి,

నీ ఉత్తరంలో కార్తీకం ఉంది, కువైట్ ఉంది, మోకాళ్ళున్నాయి. వాటి వెనక పొట్టిక్కలు కూడా ఉన్నాయి. దారిలోకని చేశానని నీ చేత్తోనే రాసేశావు. రానిదానివి చీకటితో లేచి పనసాకులు ఎందుకు కుట్టావు?

అది ఆలోచిస్తుంటేనే దొరబాబు రెండో లోడుతో వచ్చాడు. వస్తూ మీ సందు మొగలో టిఫిన్ తిన్నాడట. లిడియా చెప్పిన మాట చెప్పాడు. "ఆ రోజు పెద్దమ్మగారు సంచీ పక్కనెట్టుకుని అరుగు మీద పన్నెండింటిదాకా అలాగే కూర్చున్నారండి. లారీ ఎప్పుడో ఎళ్ళిపోయిందండీ అని నేనెళ్ళి సెప్తే అప్పుడు లేచేరండి" అందట.

నాకు కోపం వచ్చింది. అంటే, హారన్లు విని కూడా నువ్వు లేవలేదన్నమాట. నేను కేబిన్ దిగి, సందులోకి నడిచి వచ్చి, గుమ్మంలో నిలబడి, అక్కయ్యగారూ దయచేయండి అని పిలవాలి. అలా పిలిస్తే కానీ పెద్దరికం నిలబడదు. అదే కదా? వినపడలేదని మాత్రం రాయకు. ఆ హారన్‌కి లిడియా బండి కింద పడుకున్న కుక్క లేచి పరుగెత్తిన పరుగు చూస్తే, ఈపాటికి జొన్నాడ దాటి ఉంటుంది.

ఇంత కోపంలోనూ నీకొక సంగతి చెప్పాలి. నిన్న ఇక్కడి రేవులో ఒక ముసలి పడవవాడిని చూశాను. చిన్న పడవ, చేతి తెడ్లు. ఒకసారి తెడ్డు వేస్తానని నేను తెలుగులో అడిగాను, అతను మరాఠీలో కాదన్నాడు. నా అరచేతులు చూపించాను. చుక్కాని పట్టి పట్టి కాయలు కాచినచోట వేలితో నొక్కి చూసుకుని, జరిగి చోటిచ్చాడు. గంటసేపు తెడ్డు వేశాను. ఒక్క మాట లేదు. ఎడమకి పోవాలంటే గడ్డం ఎడమకి తిప్పేవాడు, రాళ్ళుంటే కనుబొమలు ఎగరేసేవాడు. దిగేటప్పుడు నా భుజం తట్టాడు. మనవాళ్ళెవరితోనూ ఈమధ్య ఇంత బాగా మాట్లాడలేదనిపించింది.

గోదావరి మాత్రం పైకి వచ్చేకొద్దీ చిక్కిపోతోంది. రేపు దొరబాబుతో నాసిక్ వెళతాను. అక్కడి కొట్టు అడ్రసు ఇది. నువ్వు ఎందుకు లేవలేదో, ఉన్న మాట రాస్తే చదువుతాను. కార్తీకమాసం కబుర్లయితే రాయవద్దు.

మాణిక్యం


కొత్తపేట,
27 నవంబరు

మాణిక్యానికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి ఒళ్ళు మండింది. రెండోసారి కుక్క దగ్గర నవ్వొచ్చింది. మూడోసారి పడవవాడి దగ్గర ఏడుపొచ్చింది. నాలుగోసారికి ఇంక దాచడం నా వల్ల కాలేదు.

నాకు హారన్ వినపడలేదురా. రాయవద్దన్నావు, అయినా రాస్తున్నాను.

మూడేళ్ళ క్రితం నాకు పెద్ద జ్వరం వచ్చింది చూడు, దాంతో ఎడమ చెవి పోయింది. కుడిది కొంచెం కొంచెంగా పోతూ వచ్చింది. ఇప్పుడు ఎవరైనా ఎదురుగా నిలబడి నిదానంగా మాట్లాడితే, పెదవులు చూసి సగమూ అలవాటు కొద్దీ సగమూ గ్రహిస్తాను. వెనకనుంచి పిలిస్తే ఏమీ లేదు. కుక్కరు విజిల్ వినపడదు, ఆవిరి చూసి దించుతాను. ఫోనంటే ఎందుకు గిట్టదో ఇప్పుడు నీకు తెలిసినట్టే.

ఎవరికీ తెలియకుండా ఎలా నెట్టుకొచ్చావంటావేమో. ఆయ్ అంటూ నెట్టుకొచ్చాను. మన వైపు ఈ ఒక్క మాట ఉంటే చాలు. ఎవరేం చెబుతున్నా మొహం కాస్త శ్రద్ధగా పెట్టి, వాళ్ళ నోరు ఆగగానే ఆయ్ అంటే, ఎంత మర్యాదగా విన్నారో అనుకుని వెళ్ళిపోతారు. ఒక్కసారే బెడిసికొట్టింది. పక్కింటి కమలాంబగారు గోడ దగ్గర ఏదో చెబుతుంటే నవ్వుతూ ఆయ్ అన్నాను. వాళ్ళ ఆవు చచ్చిపోయిందట. ఆవిడ అప్పటినుంచీ నాతో మాట్లాడటం లేదు. చెప్పకూడదు కానీ, వినే పని తప్పి నాకు హాయిగానే ఉంది.

దసరాకి నువ్వు ఏ పద్ధతి చెప్పావో నాకు తెలియదు. నేను పొయ్యి వైపు తిరిగి బూరెలు వేస్తున్నాను. తిరిగి చూసేసరికి నీ మాట అయిపోయింది. ఆయ్ అన్నాను. బుధవారం పొద్దున్న అని నువ్వు అంతకుముందు ఉత్తరంలోనే రాశావు కనుక, ఇంటికొచ్చి తీసుకెళతావనుకున్నాను. స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, అయిదింటికల్లా అరుగు మీద కూర్చున్నాను. సందు మలుపు అడ్డం, అక్కడినుంచి రోడ్డు కనపడదు కదా. ఎనిమిదైంది, పదైంది. లిడియా వచ్చి చేతులూపుతూ చెప్పాక లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాను. తమ్ముడు ఆలోచించుకుని ఉంటాడు, ఈ ముసలిదాన్ని కొండలూ గుట్టలూ ఎక్కడ ఈడ్చుకెళతాననుకుని ఉంటాడు, ఎదురుపడి చెప్పలేక వెళ్ళిపోయి ఉంటాడు అనుకున్నాను. నీ మొదటి ఉత్తరంలో హారన్ల సంగతి చదివాక కానీ అసలు జరిగింది తెలియలేదు. తెలిసినా రాయలేదు. చెవుడని నువ్వు తెలుసుకోవడం కంటే పొగరని అనుకోవడమే నయమనిపించింది.

ఎందుకంటే, చెవిటిదని పేరు పడితే ఏమవుతుందో నేను చూశాను. మన అమ్మమ్మ గుర్తుందా? రోడ్డు దాటవద్దన్నారు, పొయ్యి ముట్టుకోవద్దన్నారు, పెళ్ళిళ్ళకి తీసుకెళ్ళడం మానేశారు. అన్నం తిన్నావా అని అరవడం తప్ప ఆవిడతో ఎవరూ ఏమీ మాట్లాడేవారు కాదు. మనిద్దరం ఆవిడ వెనకాల నిలబడి పిలిచి, తిరగకపోతే నవ్వేవాళ్ళం. నువ్వు చిన్నవాడివి, నీకు గుర్తుండకపోవచ్చు. నాకు ఇప్పుడు రోజూ గుర్తొస్తోంది.

పెద్దరికం కోసం కూర్చున్నాననుకున్నావు. కాదు. నీతో రావాలని కూర్చున్నాను.

ఇంక నేను రాలేను. ఆ రైళ్ళలో, ఆ జనంలో, ఎవరేమంటున్నారో తెలియకుండా నాకు భయం. నువ్వు ఆ కొండ ఎక్కి, చూసినదంతా ఉత్తరం రాయి. చదువుకుంటాను. ప్రసన్నకి మాత్రం చెప్పకు, నీకు పుణ్యముంటుంది.

అక్క


త్రయంబకం,
3 డిసెంబరు

అక్కా,

నీ ఉత్తరం నిన్న నాసిక్‌లో కొబ్బరికాయల కొట్టు గుమ్మంలో నిలబడి చదివాను. అందరి ముందూ ఏడ్చాను. కొట్టు యజమాని ఊళ్ళో ఎవరో పోయారనుకుని కుర్చీ వేయించి, మంచినీళ్ళిచ్చాడు. మా అక్క రాసిందని చెప్పాను. అతనికేం అర్థమైందో, ఒక కాయ కొట్టి చెక్క చేతిలో పెట్టాడు.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. మూడేళ్ళుగా నీకు వినపడకపోతే నాకు తెలియలేదు. వచ్చినప్పుడల్లా నువ్వు పొయ్యి దగ్గర ఉంటే నీ వీపుకి కబుర్లు చెప్పి వెళ్ళిపోయాను. ఒక్కసారి నీ మొహంలోకి చూసి మాట్లాడి ఉంటే తెలిసేది. ఇంకొకటి. ముప్పై నాలుగేళ్ళు హారన్ కొట్టి పంటు వదిలేశాను. రానివాళ్ళంతా రానక్కర్లేక రాలేదనుకున్నాను. వాళ్ళలో ఎంతమంది నీలాగా సంచీ పట్టుకుని ఎక్కడో కూర్చుని ఉన్నారో ఇప్పుడు ఎవరిని అడగను? మీ ఇంటికీ మెయిన్ రోడ్డుకీ మధ్య ఒక మలుపూ నలభై అడుగులూ ఉంటాయి. నేనే దిగాల్సింది. మోకాళ్ళు నొప్పెడితే పెట్టేవి.

అమ్మమ్మ సంగతి నాకు గుర్తుంది. గుర్తులేదనుకున్నావు కానీ ఉంది.

నాసిక్‌లో గోదావరిని చూస్తే జాలేసింది. రెండు వైపులా మెట్లు కట్టి మధ్యలో ఉంచారు. మన పంటుని అడ్డంగా పెడితే ముందూ వెనకా ఒకేసారి రెండు ఒడ్లకీ తగులుతాయి, సరంగుకి పనుండదు. అక్కడినుంచి బస్సులో ఇక్కడికి గంట దారి. ఇప్పుడు కొండ కింద సత్రంలో ఉన్నాను. బ్రహ్మగిరి ఎదురుగా కనిపిస్తోంది. నిలువుగా ఉంది, రాతిలో తొలిచిన మెట్లున్నాయి, కోతులు కూడా చాలా ఉన్నాయి. పొద్దున్న జనం కర్రలు పట్టుకుని ఎక్కుతుంటే వాళ్ళతో మొదటి మెట్టుదాకా వెళ్ళాను. అక్కడినుంచి వెనక్కి వచ్చేశాను.

నేను ఎక్కలేదు అక్కా. నువ్వు లేకుండా ఎక్కను. ఉత్తరం రాయమన్నావు, రాయను. నీకు చూడాలని ఉంటే వచ్చి చూడు. నువ్వు రాకపోతే ఈ కొండ కిందనుంచే ఇంటికి వచ్చేస్తాను, ఇంక ఈ మాట ఇద్దరం ఎత్తవద్దు.

ప్రసన్నకి చెప్పు. చెప్పి, షిర్డీ రైలుకి టిక్కెట్టు తీయించుకో. రాజమండ్రిలో ఎక్కితే చివరి స్టేషన్లోనే దిగాలి, మధ్యలో ఎవరి మాటా వినక్కర్లేదు. షిర్డీలో బండి ఆగే సమయానికి నేను నీ పెట్టె తలుపు ముందు నిలబడి ఉంటాను. హారన్లేమీ ఉండవు.

నీ తమ్ముడు,
మాణిక్యం


కొత్తపేట,
9 డిసెంబరు

ఒరేయ్ మాణిక్యం,

బెదిరించి రప్పించుకోవడం నీకు చిన్నప్పటినుంచీ అలవాటే. వచ్చే సోమవారం బండికి టిక్కెట్టయింది. మంగళవారం దిగుతాను. పెట్టె నెంబరూ సీటు నెంబరూ ప్రసన్న ఈ కాగితం వెనక రాసింది. నీ ఫోనుకి కూడా పంపిందట.

శనివారం నీ ఉత్తరం వచ్చింది. ప్రసన్నకి ఎలా చెప్పాలో తెలియక ఆ రోజంతా తిరిగాను. నిన్న తెగించి, వంటింట్లోకి పిలిచి, నాకు చెవులు వినపడవు అన్నాను. ఆ పిల్ల ఏమీ ఆశ్చర్యపోలేదు. ఎప్పటిలాగే నా ఎదురుగా వచ్చి నిలబడింది. నిదానంగా అంది, "తెలుసండి అత్తయ్యగారూ. యేడాదినుంచీ తెలుసు. అందుకే కదండీ నేనెప్పుడూ మీ ముందుకొచ్చే మాట్లాడతాను. మీరే చెప్తారని ఊరుకున్నాను." నేను ఆయ్ అన్నాను. ఈసారి విని అన్నాను. తరువాత ఇద్దరం కాసేపు ఏడ్చాం. కూర మాడిపోయింది.

పనేమీ అందుకోదని ఆ పిల్లని నీ దగ్గర ఆడిపోసుకున్నాను. ఆ ఉత్తరం ఉంటే ఆ ఒక్క ముక్కా చింపెయ్యి.

సంక్రాంతి దాటాక కాకినాడలో చెవుల డాక్టరుకి చూపిద్దామంది. మిషను పెడతారట. పెడితే పెట్టించుకుంటాను. రోడ్డు దాటవద్దని కానీ, పొయ్యి ముట్టవద్దని కానీ అనలేదు. రైలు వరకూ తనే వచ్చి ఎక్కిస్తానంది.

నాకు భయంగానే ఉంది. చివరి స్టేషనని నువ్వు రాసిన కాగితం సంచీలో పెట్టుకున్నాను. నాకు కొన్ని షరతులున్నాయి. నాతో మాట్లాడేటప్పుడు ఎదురుగా నిలబడు. అరవకు, అరిస్తే నోరు వంకరై ఏమీ తెలియదు. చీకట్లో మాట్లాడకు. నాకు అర్థం కాకపోతే, ఏం లేదులే అనకు. ఆ మాట మాత్రం నేను తట్టుకోలేను. ఎంత చిన్న సంగతైనా మళ్ళీ చెప్పు.

కజ్జికాయలు పాతవి పడేశాను. కొత్తవి చేశాను.

చిన్నమ్మలక్క


బ్రహ్మగిరి మీద,
19 డిసెంబరు

మాణిక్యం,

నీ పక్కనే కూర్చుని రాస్తున్నాను. నువ్వు గాలికి మఫ్లరు మూతిమీదికి చుట్టేశావు. గంటనుంచి ఏదో చెబుతున్నావు, నాకు ఒక్క ముక్క తెలియడం లేదు. విప్పమంటే చలంటావు. అందుకని ఈ నోటుబుక్కు తీశాను. ఇలాగే మాట్లాడుకుందాం.

మెట్లమీద నువ్వు పడ్డ అవస్థ ప్రసన్నకి రాస్తాను. మలుపు మలుపుకీ కూలబడటమే. నేను నిలబడి నీకోసం చూడడం, ఆ డోలీవాళ్ళు నన్ను వదిలేసి నిన్ను ఎక్కుతావా అని అడగడం. ఎత్తు ఎక్కడం పంటు నడిపినట్టు కాదని తెలిసిందా?

చూశానురా. ఆ రాతి నెర్రెలోంచి చెమర్చి, గుంటలో దోసెడు చేరి, అక్కడినుంచి వేలెడు సన్నగా జారుతోంది. ఇదే మన గోదావరి అని పూజారి చూపిస్తే నమ్మలేదు. తరువాత చెయ్యి పెట్టాను. చల్లగా తగిలింది. ఎనిమిదో తరగతిలో ఒక్క వాక్యం చదివి, ఇన్నేళ్ళు మోశాను. ఇప్పుడు నాకు ఏ లోటూ లేదు, ఒక్కటి తప్ప.

నీకు ఎప్పుడూ చెప్పలేదు. చెవులు పోయాక మనుషుల మాటలకి నేనంత బెంగపెట్టుకోలేదు. గోదావరి చప్పుడుకి పెట్టుకున్నాను. వరద రోజుల్లో మన ఏటిగట్టుమీద నిలబడితే కాళ్ళకింద నేల అదురుతుంది, అది ఇప్పటికీ తెలుస్తుంది. కానీ చప్పుడు లేదు. కిందటేడు వరద చూడ్డానికి వెళ్ళి, చూడలేక వచ్చేశాను. ఇక్కడ ఇది పుడుతున్నప్పుడు ఎలా మోగుతుందో నాకు తెలుసుకోవాలని ఉంది. నువ్వు వెళ్ళి విని, ఇందులో రాయి. నన్ను సంతోషపెట్టడానికి కల్పించి రాయకు.

అక్క


అదే చోట,
అదే రోజు

అక్కా,

మఫ్లరు విప్పేశాను. అయినా రాసే చెబుతాను, ఇది నోటితో చెబితే నువ్వు నమ్మవు.

నువ్వు చూస్తూనే ఉన్నావు, మోకాళ్ళ మీద కూర్చుని వంగాను. ముందు గాలి మాత్రం వినిపించింది. గాలి ఆగేదాకా ఆగాను. కుడి చెవి రాతికి ఆనించాను, తరువాత ఎడమ చెవి. పూజారి దగ్గరికొచ్చి ఏం పోయిందని అడిగాడు. అతన్ని కాసేపు మాట్లాడవద్దన్నాను. కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి విన్నాను. పంటు మీద పొగమంచులో ఎదురు పడవ వస్తోందేమో అని విన్నంత జాగ్రత్తగా విన్నాను.

చప్పుడు లేదక్కా. నీమీద ఒట్టు. నీళ్ళు కదులుతున్నాయి, నా చెంప తడిసింది కూడా, కానీ చప్పుడు లేదు. గోదావరికి ఇక్కడ ఇంకా గొంతు రాలేదు.

నువ్వు ఎంత విన్నావో నేనూ అంతే విన్నాను.

మాణిక్యం